గోడ మీద గోల్డ్, గదిలో ఉక్క

భవనం పర్యావరణానికి అనుకూలమని ఇచ్చే గ్రీన్ సర్టిఫికేట్లకూ, భవనంలోని ఏసీలూ పంపులూ గోడలూ అనుకున్నట్టు పనిచేస్తున్నాయో లేదో పరీక్షించి చూసే కమిషనింగ్‌కూ సంబంధం ఏమిటని ఈ మధ్య చాలామంది పాఠకులు అడిగారు. వాటిలో ఎనిమిది ప్రశ్నలకు ఇరవై ఏళ్లకు పైగా ఈ పనిలోనే ఉన్న ఒక కమిషనింగ్ ఇంజినీర్ ఇక్కడ జవాబులిస్తున్నారు.

ప్రశ్న: మేడం, ఎనిమిది అంతస్తుల ఆఫీసు భవనం కడుతున్నాం. లీడ్ అనే గ్రీన్ సర్టిఫికేట్‌లో గోల్డ్ స్థాయి కోసం రిజిస్టర్ చేసుకున్నాం. డిజైన్ కన్సల్టెంట్లు ఉన్నారు, కాంట్రాక్టర్ ఉన్నాడు, మిషన్లు అమ్మిన కంపెనీల వాళ్లే వచ్చి స్టార్ట్ చేసి వెళ్తారు. ఇంతమంది ఉండగా కమిషనింగ్ అథారిటీ అని ఇంకొకరిని పెట్టుకోవాలంటున్నారు. ఇది నిజంగా పనికొచ్చేదేనా, లేక సర్టిఫికేట్ కోసం మమ అనిపించే తంతా? – ఒక భవన యజమాని

తంతుగా ముగించేసిన వాళ్లనూ చూశాను, అందుకే మీ అనుమానం తప్పనను. ముందు పాయింట్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూడండి. లీడ్ నాలుగో వెర్షన్‌లో మొత్తం 110 పాయింట్లు. 60 వస్తే గోల్డ్, 80 వస్తే ప్లాటినం. కొత్త భవనాల విభాగంలో ఒక్క ఎనర్జీ పొదుపుకే 18 పాయింట్ల దాకా ఉంటాయి, అంటే గోల్డ్‌కు కావలసిన దాంట్లో దాదాపు మూడో వంతు. ఆ 18 ఎలా ఇస్తారు? మామూలుగా జరిగేది ఇది: భవనం ఇంకా కాగితం మీద ఉండగానే కంప్యూటర్‌లో దాని నమూనా తయారుచేస్తారు. ఏడాదిలోని 8,760 గంటలూ దాన్ని నడిపి చూస్తారు. యాష్రే 90.1 అనే ఎనర్జీ ప్రమాణం ప్రకారం కట్టిన మామూలు భవనం కంటే ఇది ఎంత తక్కువ ఖర్చు చేస్తుందో లెక్క తీస్తారు. ఆ తేడాకే పాయింట్లు.

ఆ నమూనాలో పంపు అవసరాన్ని బట్టి స్పీడు తగ్గించుకుంటుంది. గాలి దారిని తెరిచి మూసే రెక్కల తలుపు, అంటే డ్యాంపర్, తెరవమంటే తెరుచుకుంటుంది. సెన్సర్ ఉన్నదున్నట్టు చెబుతుంది. కంప్యూటర్‌లోని భవనంలో ఎవరూ స్క్రూ బిగించడం మర్చిపోరు. మీ సైట్‌లో మర్చిపోతారు.

ఒక భవనంలో జరిగింది చెబుతాను. గాలిని చల్లబరిచి అంతస్తులకు పంపే ఎయిర్ హ్యాండ్లింగ్ యూనిట్లు మొత్తం 14. కంట్రోల్ రూమ్‌లో స్క్రీన్ మీద అన్నిటికీ బయటి గాలి డ్యాంపర్ ‘100 శాతం ఓపెన్’ అని ఆకుపచ్చ అక్షరాల్లో కనిపిస్తోంది. చెక్‌లిస్టులోనూ ‘డ్యాంపర్ బిగించబడింది, మోటార్ కనెక్ట్ చేయబడింది’ అని టిక్కులు, కింద రెండు సంతకాలు. నేను మూడో అంతస్తు ప్లాంట్ రూమ్‌కు వెళ్లి, బయటి గాలి వచ్చే జాలీ దగ్గర టిష్యూ కాగితం ఒకటి పట్టుకున్నాను. గాలి లోపలికి లాగుతుంటే కాగితం జాలీకి అతుక్కుపోవాలి. అది నా వేళ్ల మధ్య అలాగే వేలాడుతోంది. తలుపు తీసి టార్చ్ వేశాను. వాకీటాకీలో కంట్రోల్ రూమ్ కుర్రాడికి ‘మూసెయ్, మళ్లీ తెరు’ అని చెప్పాను. మోటార్ చక్కగా తిరిగింది. మోటార్‌ను డ్యాంపర్ ఇరుసుకు పట్టి ఉంచే క్లాంప్ మాత్రం బిగించలేదు. మోటార్ ఒక్కటే తిరుగుతోంది, రెక్కలు మూసుకుని పడుకున్నాయి. స్క్రీన్ మీద కనిపించే 100 శాతం మోటార్‌ది, రెక్కలది కాదు.

పద్నాలుగింటిలో మూడు యూనిట్ల పరిస్థితి ఇదే. ఆ మూడింటి కింద పనిచేసే వాళ్లకు బయటి గాలి చుక్క కూడా అందేది కాదు. అయినా ఆ భవనం ‘లోపలి గాలి నాణ్యత’ పద్దు కింద పాయింట్లు అడుగుతోంది. కమిషనింగ్ లేకపోయి ఉంటే పాయింట్లూ వచ్చేవి, ఫలకమూ లాబీ గోడకు ఎక్కేది, మధ్యాహ్నం మూడయ్యేసరికి ఆ అంతస్తులో అందరికీ తలనొప్పీ వచ్చేది. తలనొప్పికి కారణం డ్యాంపర్ క్లాంప్ అని ఎవరు మాత్రం ఊహిస్తారు?

మీ ఫీజు వెళ్లేది అక్కడికి. మీరు పాయింట్లు తీసుకుంటున్న భవనం, మీరు నడపబోయే భవనం ఒకటేనా కాదా అని చూసి చెప్పడానికి. డిజైనర్ తన లెక్క చూసుకుంటారు, కాంట్రాక్టర్ తన పని చూసుకుంటాడు, మిషన్ కంపెనీ తన మిషన్ చూసుకుంటుంది. ఇవన్నీ కలిసి పనిచేస్తున్నాయా అని చూసే పని, ప్రత్యేకంగా ఒకరికి అప్పగిస్తే తప్ప, ఎవరిదీ కాదు.

ఇంకో మాట. లీడ్‌లో ప్రాథమిక కమిషనింగ్ మీ ఇష్టానికి వదిలేసింది కాదు. పాయింట్లు ఎన్ని ఉన్నా అది లేకపోతే సర్టిఫికేట్ రాదు. కాబట్టి ‘పెట్టుకోవాలా వద్దా’ అన్నది మీ ముందున్న ప్రశ్న కాదు. ఎలాగూ కడుతున్న ఫీజుకు నిజమైన పని చేయించుకుంటారా, కాగితాలు మాత్రమే తీసుకుంటారా అన్నది మీరు తేల్చుకోవాలి.

ప్రశ్న: ఆర్కిటెక్ట్ ఆఫీసులో జూనియర్‌ని. గ్రీన్ సర్టిఫికేషన్ ఫైలుకు ఓపీఆర్, బీఓడీ అని రెండు డాక్యుమెంట్లు కావాలట. పాత ప్రాజెక్టువి తీసుకుని పేర్లు మార్చి ఇచ్చేయమంటున్నారు మా సీనియర్. ఇచ్చేస్తే ఏమవుతుంది?

ఏమవుతుందో ఏడాదిన్నర తర్వాత తెలుస్తుంది. అప్పటికి మీ సీనియర్ ఇంకో ప్రాజెక్టులో ఉంటారు.

ఓపీఆర్ (ఓనర్స్ ప్రాజెక్ట్ రిక్వైర్‌మెంట్స్) అంటే యజమాని మాట: ‘నాకు ఈ భవనం నుంచి కావలసింది ఇదీ’ అని. బీఓడీ (బేసిస్ ఆఫ్ డిజైన్) డిజైనర్ జవాబు: ‘అది మీకు ఇలా ఇస్తాను, ఈ లెక్కలు పట్టుకుని ఇస్తాను’ అని. కమిషనింగ్‌లో తర్వాత జరిగే ప్రతి పరీక్షా ఈ రెంటినీ పక్కన పెట్టుకునే చేస్తాం. ఇవి డొల్లగా ఉంటే పరీక్ష దేనికి పెట్టాలి?

‘మీటింగ్ గదులు సౌకర్యంగా ఉండాలి’ అని రాసిన ఓపీఆర్‌లు నేను లెక్కలేనన్ని చూశాను. దాన్ని ఏ థర్మామీటర్ పెట్టి కొలవమంటారు? అదే ‘40 మంది పట్టే గది, నిండిన 15 నిమిషాల్లో 24 డిగ్రీలకు రావాలి, కార్బన్ డయాక్సైడ్ 1,000 పీపీఎం దాటకూడదు’ అని రాస్తే, నలభై మందిని కూర్చోబెట్టి గడియారం చూసుకోవడమే. వచ్చిందా లేదా అంతే, వాదన లేదు.

కాపీ కొట్టిన ఓపీఆర్ వల్ల తగిలిన దెబ్బ ఒకటి చెబుతాను. ఒక సంస్థ భవనంలో ఒకే ఒక్క అంతస్తులో రాత్రి షిఫ్టు ఉంది. ఆ సంగతి యజమానికి తెలుసు, కానీ ఆయన్ను ఎవరూ అడగలేదు. పాత ప్రాజెక్టు ఓపీఆర్‌లో ‘పని వేళలు: ఉదయం 9 నుంచి సాయంత్రం 6’ అని ఉంటే అదే దింపేశారు. డిజైనర్ దాని ప్రకారం ఏసీకి నీళ్లను చల్లబరిచే మిషన్లు, రెండు పెద్ద చిల్లర్లు, పెట్టారు. భవనం మొదలయ్యాక, రాత్రి పూట ఆ ఒక్క అంతస్తు కోసం ఒక పెద్ద చిల్లర్‌ను నడపాల్సి వచ్చింది. అంత చిన్న లోడుకు అది స్థిరంగా నడవదు. పది నిమిషాలు నడిచి ఆగుతుంది, కాసేపటికి మళ్లీ లేస్తుంది. రాత్రంతా ఇదే గొడవ. చివరికి ఆపరేటర్లు ఓ ఉపాయం కనిపెట్టారు: చిల్లర్ ఆగిపోకుండా ఉండాలని ఖాళీగా ఉన్న అంతస్తులకు కూడా ఏసీ వదిలారు! గ్రీన్ భవనంలో, రాత్రి రెండింటికి, ఖాళీ కుర్చీలకు చల్లగాలి. వాళ్లను తప్పు పట్టలేను, మిషన్ పాడవకుండా కాపాడుకున్నారు. మొదట్లోనే అడిగి ఉంటే చిన్న చిల్లర్ ఒకటి పక్కన పెట్టేవాళ్లు.

అందుకే లీడ్ నాలుగో వెర్షన్ కమిషనింగ్ అథారిటీని డిజైన్ డెవలప్‌మెంట్ దశ ముగిసేలోపే తీసుకురమ్మంటుంది. గీత గీయడం సులువు, చెరపడం ఇంకా సులువు. పైపు వేశాక చెరపలేం కదా. పాత ఫైలును నమూనాగా పెట్టుకోండి, తప్పు లేదు. కానీ ప్రతి అంకె దగ్గరా ఆగి, యజమానిని, వీలైతే రేపు ఆ భవనాన్ని నడపబోయే మనిషిని, అడిగి నింపండి.

ప్రశ్న: కమిషనింగ్‌కు మొత్తం ఎన్ని పాయింట్లు వస్తాయి?

ప్రాథమిక కమిషనింగ్‌కు సున్నా, ఎందుకంటే అది తప్పనిసరి. దానికి మించి చేస్తే లీడ్ నాలుగో వెర్షన్ కొత్త భవనాల్లో 6 దాకా ఉన్నాయి: ఎన్‌హాన్స్‌డ్ కమిషనింగ్‌కు 3, దానికి తోడు మీటర్ల డేటాను నిరంతరం చూసే మానిటరింగ్ కూడా పెడితే 4, గోడలూ కిటికీలూ పైకప్పులకు కమిషనింగ్ చేస్తే ఇంకో 2. బ్రిటన్‌లో 1990లో మొదలైన బ్రీమ్ అనే గ్రీన్ సర్టిఫికేట్ పద్ధతిలో కూడా కమిషనింగ్, హ్యాండోవర్‌లకు వేరే పద్దు ఉంది.

ఆరు పాయింట్ల కోసమే కమిషనింగ్ అనుకుంటే మాత్రం అది కాకి లెక్క. మిగతా పద్దుల్లో అడుగుతున్న ఎనర్జీ పాయింట్లు, గాలి పాయింట్లు, మీటర్ల పాయింట్లు కాగితం దాటి భవనంలోకి వచ్చేది దీనివల్లే.

ప్రశ్న: నేను ఏసీ పనుల కాంట్రాక్టర్‌ని. పంపులు కంపెనీ వాళ్లే స్టార్ట్ చేశారు. కంట్రోల్స్ వాళ్లు ప్రతి కనెక్షనూ చెక్ చేసుకున్నారు. ప్రతి చోటికీ నీళ్లు సరిపడా వెళ్తున్నాయని చూసే బ్యాలెన్సింగ్ రిపోర్టు కూడా ఇచ్చాం. ఇప్పుడు కమిషనింగ్ ఏజెంట్ వచ్చి మళ్లీ అన్నిటినీ కలిపి నడిపి చూసే ఫంక్షనల్ టెస్టులు అంటున్నారు. హ్యాండోవర్ తేదీ దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది. ఒకే పని మూడుసార్లు చేయించడం న్యాయమా?

మీ టెన్షన్ నాకు తెలుసు. హ్యాండోవర్‌కు రెండు వారాల ముందు సైట్‌లో నా మొహం చూడటం ఎవరికీ ఇష్టం ఉండదు. కానీ మీరు చెప్పినవి ఒకే పని మూడుసార్లు కాదు, మూడు వేర్వేరు పనులు. మూడూ సరిగ్గా జరిగి కూడా భవనం తప్పుగా నడవొచ్చు. నమ్మకపోతే ఇది చదవండి.

చల్లటి నీళ్ల పంపులు రెండు, రెండింటికీ స్పీడును మార్చే డ్రైవ్‌లు, అంటే వీఎఫ్‌డీలు. లైను చివర ప్రెషర్ తేడాను కొలిచే డిఫరెన్షియల్ ప్రెషర్ సెన్సర్ ఒకటి ఉంటుంది. గదులకు చల్లదనం చాలినప్పుడు వాల్వులు మూసుకుంటాయి, లైన్లో ప్రెషర్ పెరుగుతుంది, సెన్సర్ ఆ మాట చెబుతుంది, పంపు స్పీడు తగ్గుతుంది. స్పీడు 80 శాతానికి దిగితే పంపు లాగే కరెంటు లెక్క ప్రకారం దాదాపు సగానికి పడిపోతుంది, ఎందుకంటే పవర్ అనేది స్పీడుకు ఘనంగా మారుతుంది. గ్రీన్ భవనం నమూనాలో పొదుపు చూపించే పెద్ద పద్దుల్లో ఇదొకటి.

మేం టెస్టు పెట్టాం. సగం అంతస్తుల వాల్వులు మూయించాను. పంపు దిగాలి, దిగలేదు. ఇంకొన్ని మూయించాను. ఫుల్ స్పీడు. పైపులు హోరెత్తుతున్నాయి, పంపు మాత్రం తగ్గేదే లేదంటోంది. స్క్రీన్ మీద ప్రెషర్ చూస్తే సున్నా.

ఇక కాగితాలు తిరగేశాం. పంపు కంపెనీ వాళ్లు ఫుల్ స్పీడు మీద నడిపి కరెంటు, శబ్దం, వైబ్రేషన్ చూశారు. అన్నీ కరెక్ట్. బ్యాలెన్సింగ్ వాళ్లు డ్రైవ్‌ను చేత్తో నడిపే హ్యాండ్ మోడ్‌లో పెట్టి నీళ్లు కొలిచారు. కరెక్ట్. కంట్రోల్స్ కుర్రాడు పంపు ఆపి ఉండగా సెన్సర్ చూశాడు. పంపు ఆగితే సున్నా రావాలి, సున్నా వచ్చింది. అదీ కరెక్ట్.

సెన్సర్ దగ్గరికి వెళ్లాం. దాని కింద మూడు వాల్వుల మానిఫోల్డ్ ఉంటుంది. మధ్య వాల్వు తెరిస్తే రెండు వైపులా ప్రెషర్ సమానమై సున్నా చూపిస్తుంది. సెన్సర్‌ను సున్నాకు సెట్ చేసుకోవడానికి తెరుస్తారు, అయ్యాక మూసేయాలి. ఎవరో తెరిచారు, మూయడం మర్చిపోయారు. అందుకే అది ఎప్పుడూ సున్నాయే చెబుతుంది. కంట్రోలర్ పాపం ‘ప్రెషర్ లేదు, ఇంకా తొక్కు’ అని పంపును తరుముతోంది. నేను ఆ వాల్వును కట్టేస్తుండగా వెనకాల పంపు గొంతు మారడం వినిపించింది, హోరు కాస్తా మెల్లగా గొణుగుడుగా మారింది. నా ఉద్యోగంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చప్పుడు అదే.

అర నిమిషం పని. దొరక్కపోయి ఉంటే? కంప్లయింటు ఎక్కడి నుంచి వస్తుంది? గదులన్నీ చల్లగానే ఉంటాయి. బిల్లు ఎక్కువ వస్తుంది, మొదటి ఏడాది కదా, పోల్చుకోవడానికి పాత బిల్లు కూడా ఉండదు. అలా ఏళ్లు గడిచిపోతాయి.

మీకు నేనిచ్చే సలహా ఒకటే: ఫంక్షనల్ టెస్టుల స్క్రిప్టులు ముందే తీసుకుని, ఏజెంట్ రాకముందే మీ వాళ్లతో ఒకసారి నడిపించండి. తప్పులు మీ ఇంట్లోనే దొరుకుతాయి. నేను వచ్చాక ఒక్కరోజులో అయిపోతుంది. అలా చేసే కాంట్రాక్టర్లకు హ్యాండోవర్ ఆలస్యం కావడం చాలా అరుదు. టెస్టు రోజు నీళ్లు నమిలే వాళ్లకే రెండోసారి, మూడోసారి.

ప్రశ్న: కాంట్రాక్టరే ‘కమిషనింగ్ కూడా మేమే చేసి సర్టిఫికేట్‌కు కాగితాలు ఇచ్చేస్తాం’ అంటున్నాడు. ఒప్పుకోవచ్చా?

ఎవరి పేపర్ వాళ్లే దిద్దుకుంటే అందరికీ నూటికి నూరే. లీడ్ నాలుగో వెర్షన్‌లో 20,000 చదరపు అడుగుల లోపు భవనమైతే ప్రాథమిక కమిషనింగ్‌ను డిజైన్ టీమ్‌లోనో నిర్మాణ టీమ్‌లోనో అర్హత ఉన్న వ్యక్తి చేయొచ్చని సడలింపు ఉంది. అది దాటితే ఆ ప్రాజెక్టు పనిలో లేని మనిషే కావాలి. అలాంటి పని కనీసం రెండు భవనాల్లో చేసిన అనుభవం చూపాలి. ఏ సందర్భంలోనైనా రిపోర్టు నేరుగా యజమానికే ఇవ్వాలి, మధ్యలో ఎవరి టేబుల్ మీదా ఆగకూడదు. చిన్న భవనమైనా సరే, ఆ చివరి షరతు మాత్రం వదలకండి.

ప్రశ్న: నేను ఒక గ్రీన్ సర్టిఫైడ్ భవనంలో ఫెసిలిటీ మేనేజర్‌గా ఈ మధ్యే చేరాను. లాబీలో సర్టిఫికేట్ మెరిసిపోతోంది. పైన మూడు అంతస్తుల్లో ఉక్క, ఒక అంతస్తులో చలి, బిల్లు మాత్రం చుక్కల్లో. అందరూ నన్నే తిడుతున్నారు. కమిషనింగ్ చేసిన భవనమే అంటున్నారు, రిపోర్టు కూడా ఉంది. మరి ఇదేమిటి?

రిపోర్టు ఉందన్నారు కదా, ముందు అందులో ఇష్యూ లాగ్ అనే పట్టిక తెరవండి. కమిషనింగ్‌లో దొరికిన ప్రతి లోపం, ఎవరు సరిచేశారు, మళ్లీ ఎప్పుడు పరీక్షించారు అన్నది అందులో ఉంటుంది. నా దృష్టిలో ఫైలు మొత్తంలో నిజం మాట్లాడే కాగితం అదే. అందులో వంద ఇష్యూలుంటే సంతోషించండి, ఎవరో నిజంగా తిరిగి చూశారన్నమాట. ఎనిమిది అంతస్తుల భవనానికి మూడంటే మూడు ఇష్యూలుండి, మూడూ పెయింటు, లేబుళ్ల గురించే అయితే మీ దగ్గర కమిషనింగ్ జరగలేదు, సంతకాలు జరిగాయి. ‘వాయిదా’ అని రాసి వదిలేసినవి ఉంటే వాటి నుంచే మొదలుపెట్టండి.

తర్వాత అడగాల్సింది: ఏ కాలంలో పరీక్షించారు? వాతావరణం మెత్తగా ఉన్న నెలల్లో హ్యాండోవర్ అయితే, ఎండలు ముదిరినప్పుడు కూలింగ్ ఎలా నడుస్తుందో, బాగా చలి ఉన్నప్పుడు హీటింగ్ ఎలా నడుస్తుందో ఎవరూ చూసి ఉండరు. ఎన్‌హాన్స్‌డ్ కమిషనింగ్‌లో ఇందుకే సీజనల్ టెస్టింగ్ అని పెట్టారు. భవనం దాదాపు పూర్తయిన 10 నెలలకు మళ్లీ వచ్చి చూడాలని కూడా అందులో ఉంది. పదే ఎందుకంటారా? మామూలుగా వారంటీ ఏడాది ఉంటుంది. పదో నెలలో లోపం దొరికితే కాంట్రాక్టర్ ఇంకా ఫోను ఎత్తుతాడు.

ఇక మూడోది, నాకు బాగా అనుభవమైనది. మీ ప్లాంట్ రూమ్‌లో ఒక చుట్టు తిరగండి. ఏ ప్యానెల్ మీదైనా సెలక్టర్ స్విచ్ ‘ఆటో’లో కాకుండా ‘హ్యాండ్’లో ఉందేమో చూడండి. ఒక భవనంలో అలాంటి ప్యానెల్ మీద తెల్ల టేపు అంటించి, మార్కర్‌తో ‘దీన్ని ముట్టుకోవద్దు’ అని రాసి ఉంది. ఎవరు రాశారని అడిగితే నైట్ షిఫ్టులో ఉండే ఒక పెద్దాయన ముందుకొచ్చారు. ‘అమ్మా, ఆటోలో పెడితే ఎప్పుడు ఆగుతుందో, ఎందుకు ఆగుతుందో తెలియదు. ఆగితే నన్నే అడుగుతారు. హ్యాండ్‌లో పెడితే ఎవరూ ఏమీ అనరు’ అన్నారు. ఆయనకు ఇచ్చిన ట్రైనింగ్ గురించి అడిగాను. హ్యాండోవర్ రోజు నలభై నిమిషాల స్లైడ్ షో, అదీ పగటి షిఫ్టు వాళ్లకట! సిస్టమ్స్ మాన్యువల్ ఎక్కడుందంటే మేనేజర్ బీరువాలో, తాళం వేసి. ఆయన తప్పేముంది? సర్టిఫికేట్ తెచ్చిన పొదుపంతా ఆ స్విచ్ దగ్గర ఆగిపోయింది. నేను ఆయనతో రెండు రాత్రులు కూర్చుని, ఆటోలో పంపు ఏ లెక్కన ఆగుతుందో, ఏ లెక్కన లేస్తుందో కాగితం మీద గీసి చూపించాను. మూడో రోజు టేపు ఆయనే పీకేశారు.

మీ భవనానికి ఇప్పుడు కావలసింది ఉన్న భవనాలకు చేసే కమిషనింగ్, రెట్రో కమిషనింగ్ అంటారు. యజమాని ‘మళ్లీ ఖర్చా’ అంటే ఈ అంకెలు చూపించండి. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ నేషనల్ లాబొరేటరీ 2009లో 643 భవనాల కమిషనింగ్ వివరాలు సేకరించి అధ్యయనం చేసింది. పాత భవనాల్లో ఎనర్జీ ఆదా మధ్యస్థ విలువ 16 శాతం, పెట్టిన ఖర్చు తిరిగి రావడానికి పట్టిన కాలం 1.1 ఏళ్లు. కొత్త భవనాల్లో ఆదా 13 శాతం, కాలం 4.2 ఏళ్లు. అక్కడ దొరికిన లోపాలు పది వేలకు పైనే. మీ భవనానికీ ఇంతే వస్తుందని చెప్పను, అది చూస్తే గానీ తెలియదు. కానీ తిట్లు తినడానికి ముందు చేయదగ్గ పని అది.

ఉక్క అంతస్తుల్లో ముందు పైపుల్లో నీళ్లను వడకట్టే స్ట్రైనర్లు విప్పించి చూడండి. నిర్మాణ సమయంలో చెత్త పట్టడానికి పెట్టే సన్న జాలీ తీయకుండా వదిలేస్తే నీళ్లు పైకి సరిగ్గా అందవు. చలి అంతస్తులో థర్మోస్టాట్ ఎక్కడుందో చూడండి. ఫొటోకాపీ మిషన్ వెనక ఉంటే, ఆ మిషన్ వేడికి అది గది మొత్తాన్నీ చల్లబరుస్తూ ఉంటుంది. నవ్వకండి, రెండుసార్లు చూశాను.

ప్రశ్న: గోడలకూ కిటికీలకూ కూడా కమిషనింగ్ ఏమిటండీ? అవేమైనా తిరుగుతాయా, ఆగుతాయా?

తిరగవు, కానీ కారతాయి. భవనం తలుపులన్నీ మూసి, ఒక తలుపుకు పెద్ద ఫ్యాన్ బిగించి, లోపలికీ బయటికీ ప్రెషర్ తేడా 75 పాస్కల్స్ వచ్చేలా చేసి, ఎంత గాలి కారుతోందో కొలుస్తాం. ఆ సమయంలోనే థర్మల్ కెమెరాతో, పొగ పెన్సిల్‌తో సందులు వెతుకుతాం. కిటికీల మీద నీళ్లు కొట్టి చూస్తాం. ఒకచోట పైకప్పూ గోడా కలిసే మూల దగ్గర పొగ పెట్టగానే అది గీత గీసినట్టు బయటికి లాగేసుకుపోయింది. చేయి దూరేంత సందు, భవనం పొడవునా. గోడ కాంట్రాక్టర్ ‘పైకప్పు వాళ్లు మూస్తారనుకున్నాం’ అన్నాడు. పైకప్పు వాళ్లు ఏమన్నారో మీరే ఊహించుకోండి. ఇలాంటివి ఫాల్స్ సీలింగ్ వేయకముందు చూడాలి, వేశాక చూడటానికి సీలింగ్ పగలగొట్టాలి.

ప్రశ్న: కమిషనింగ్ కంపెనీలో ఈ ఏడాదే చేరాను. కాంట్రాక్టర్ 220 చెక్‌లిస్టులు నింపేసి ఒక కట్టగా ఇచ్చారు. అన్నీ ఒకే చేతి రాత, ఒకే పెన్ను, ఒకే తేదీ. సర్టిఫికేషన్ అప్‌లోడ్‌కు గడువు వారమే ఉందని, సంతకం పెట్టేయమని మా వాళ్లే అంటున్నారు. ఏం చేయాలి?

సంతకం పెట్టకండి, గొడవా పెట్టుకోకండి. 220 చెక్‌లిస్టులు ఒక్కరోజులో నింపాలంటే, ఎనిమిది గంటల్లో ఒక్కోదానికి రెండు నిమిషాల పైచిలుకు దొరుకుతుంది. అందులో నిచ్చెన ఎక్కి దిగాలి కూడా. ఈ లెక్క మీ బాస్‌కు మెయిల్లో రాయండి, ఎవరినీ దొంగ అనక్కర్లేదు.

రేపు పొద్దున కట్టలోంచి కళ్లు మూసుకుని పది కాగితాలు లాగండి. వేర్వేరు అంతస్తులవి వచ్చేలా చూసుకోండి. టార్చ్, నిచ్చెన, కాంట్రాక్టర్ మనిషి ఒకరు, ఈ ముగ్గురినీ వెంట తీసుకెళ్లండి. ప్రతి మిషన్ దగ్గరా మొదట నేమ్‌ప్లేట్ మీది సీరియల్ నంబర్, కాగితం మీది నంబర్ కలుస్తున్నాయో చూడండి. బల్ల దగ్గర కూర్చుని నింపిన కాగితం సాధారణంగా అక్కడే దొరికిపోతుంది. ఫొటో తీయండి, తేదీ వేయండి. పదీ సరిగ్గా ఉంటే నా అనుమానం తప్పు, ఆనందంగా ముందుకెళ్లండి. రెండు తప్పినా కట్ట మొత్తం తిప్పి పంపండి, ఆ పది ఫొటోలూ పైన పెట్టి, ఒక కాపీ నేరుగా యజమానికి.